శిబి కోసింది తన తొడనే

2005 శరదృతువులో ఇంగ్లండ్ పత్రికల నిండా ఒకే మందు పేరు. హెర్సెప్టిన్. రొమ్ము క్యాన్సర్‌లో హెర్-2 అనే ఒక రకానికి పనిచేసే మందు. అప్పటికి దాన్ని వ్యాధి బాగా ముదిరినవాళ్లకు వాడడానికే అనుమతి ఉంది. ఆపరేషన్ తర్వాత తొలిదశలోనే ఇస్తే క్యాన్సర్ తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గుతోందని ఆ ఏడాదే పరిశోధనల్లో తేలింది. ఏడాది కోర్సుకు సుమారు 20 వేల పౌండ్లు. స్టోక్ ప్రాంతంలో ఒక మహిళ ఈ మందు అడిగితే అక్కడి ఆరోగ్య ట్రస్టు ఇవ్వలేమంది. తొలిదశకు లైసెన్సు లేదు, ఖర్చుకు తగ్గ ఫలితం ఉందో లేదో తేల్చాల్సిన నైస్ సంస్థ ఇంకా తేల్చలేదు అన్నది ట్రస్టు వాదన. ఆరోగ్య మంత్రి పట్రీషియా హ్యూవిట్ కల్పించుకుని, ఆ నిర్ణయానికి ఆధారాలేమిటో చూపమన్నారు. రోజుల వ్యవధిలో ట్రస్టు మనసు మార్చుకుంది.

ఆ మహిళ అడిగినదాంట్లో తప్పు వెతకలేం. బతకాలని కోరుకోవడం అత్యాశ కాదు. మందు కూడా మంచిదే. మరుసటి ఏడాది నైస్ స్వయంగా దాన్ని ఆమోదించింది. అయితే మంత్రి మాట ఒక మందును ఇప్పించింది గానీ ఆ మందుకు కావలసిన డబ్బును ఇప్పించలేదు. ట్రస్టు బడ్జెట్ ముందు రోజు ఎంత ఉందో తర్వాతి రోజూ అంతే ఉంది. ఆ 20 వేల పౌండ్లు ఎవరి వాటాలోంచి వచ్చాయి?

నార్విచ్ ఆసుపత్రి క్యాన్సర్ వైద్యులు 2006లో ఈ ప్రశ్నను కాగితం మీద పెట్టారు. తమ దగ్గర ఏటా సుమారు 75 మందికి హెర్సెప్టిన్ ఇవ్వాలి, మందుకే సుమారు 19 లక్షల పౌండ్లు కావాలి. అదనంగా పైసా రాదు కాబట్టి ఇతర క్యాన్సర్ రోగుల్లో ఎవరి చికిత్స ఆపితే ఈ మొత్తం సమకూరుతుందో లెక్క వేశారు. ఆపాల్సినవాళ్ల సంఖ్య 75 కంటే చాలా ఎక్కువ తేలింది. ఆ లెక్కను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చువేయించారు. రోగి చేయి పట్టుకుని మాట్లాడే వైద్యులే ఈ లెక్క చేయడం గమనించాల్సిన విషయం. ఆగిపోయే చికిత్స ఎవరిదో వాళ్లకు ముందే తెలుసు. పత్రికలకు మాత్రం తెలియదు, ఎందుకంటే ఆ రోగులకు తమ వంతు ఎందుకు వెనక్కి పోయిందో ఎవరూ చెప్పరు. ఫలానా మందు వల్ల నా చికిత్స ఆగిందని ఫిర్యాదు చేయడానికి ఆధారమే ఉండదు.

తత్వశాస్త్రంలో ఈ చిక్కు పాతదే. ఆర్థికవేత్త థామస్ షెల్లింగ్ 1968లో దాన్ని సూటిగా చెప్పాడు. పేరూ ఊరూ తెలిసిన ఒక చిన్నపిల్ల ప్రాణం కోసం జనం వెల్లువలా డబ్బు పంపుతారు. ఆసుపత్రులకు నిధులు తగ్గి ఏటా మరికొందరు చనిపోతారంటే మాత్రం పెద్దగా కదలరు. 1986లో ఆల్బర్ట్ జాన్సెన్ అనే నీతిశాస్త్రవేత్త మొదటి ప్రవృత్తికి ఒక పేరు పెట్టాడు. మునిగిపోతున్న మనిషి కళ్లముందుంటే ఖర్చు లెక్క చూడకుండా దూకాలనిపించే ఆ తపనను ఆయన ‘రక్షణ నియమం’ అన్నాడు. ఆ తపన లేని సమాజంలో ఎవరూ ఉండాలనుకోరు. అయినా ఆ తపనతోనే రాజ్యాన్ని నడపవచ్చా అన్నది వేరే ప్రశ్న.

శిబి చక్రవర్తి కథ తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. డేగ తరుముకొస్తే పావురం వచ్చి ఒళ్లో వాలింది. శరణన్నదాన్ని విడవడం అధర్మం. డేగ వాదన కూడా తక్కువదేమీ కాదు. నా ఆకలి సంగతేమిటి, నా నోటి కూడు తీసేయడం ఏ ధర్మం అని అడిగింది. శిబి రెండు వాదనలూ విన్నాడు. తన తొడ కోసి తూకం వేశాడు. వేసేకొద్దీ పావురం బరువెక్కుతూ పోయింది. చివరికి తానే త్రాసులో కూర్చున్నాడు.

తరతరాలుగా ఈ కథను కరుణకు నిదర్శనంగా చెబుతున్నారు. కానీ శిబి కరుణకు విలువ తెచ్చినది ఆ కోసిన మాంసం ఎవరిదన్న సంగతి. పక్కన నిలబడ్డ భటుడి తొడ కోయించి త్రాసులో వేయించి ఉంటే, పావురం బతికేదే, డేగ ఆకలీ తీరేదే. ఆ రాజును ఎవరూ తలచుకునేవారు కాదు. ప్రజల సొమ్ముతో ఒక రోగికి ఖరీదైన మందు మంజూరు చేసే మంత్రి తన తొడ కోయడు. కోత పడేది పేరు తెలియని మరో రోగికి. ఆ మంత్రి మనసులోని జాలి నిజమైనదే కావచ్చు. అప్పుడు కూడా దాన్ని శిబి దయతో పోల్చడం పొరపాటు.

జాన్ టారెక్ అనే అమెరికన్ తాత్వికుడు 1977లో, ఎక్కువమందిని కాపాడాలన్న లెక్కకే ఎదురు వాదన లేవదీశాడు. ఐదుగురి బాధను కలిపి ‘పెద్ద బాధ’ అనడం అర్థం లేనిదన్నాడు. ఐదుగురి బాధనూ కలిపి అనుభవించే మనిషి ఎక్కడా లేడు కదా అని అడిగాడు. నా దగ్గర ఒక మందు ఉంది, ఒక్కరికి మొత్తం కావాలి, మరో ఐదుగురికి తలా ఐదోవంతు చాలు. మొత్తం ఆ ఒక్కరికే ఇచ్చినా నాది అన్యాయం కాదన్నాడు. ఈ వాదనను తేలిగ్గా తోసిపుచ్చలేం. తలల లెక్క ముందు ఒక మనిషి బాధ చిన్నబోకూడదన్న పట్టుదల అందులో ఉంది. కానీ టారెక్ కూడా ఒక మినహాయింపు ఒప్పుకున్నాడు. ఆ మందు నా సొంతమైతేనే ఈ మాట. అగ్నిపర్వతం బద్దలవుతున్న ద్వీపానికి ప్రభుత్వ పడవ తీసుకెళ్లిన అధికారి విషయంలో అలా కుదరదు. ఆ పడవ అందరి ఉమ్మడి ఆస్తి. ఆయన తన ఇష్టం చూసుకోకూడదు. సంఖ్యలు లెక్కలోకి రావన్న తాత్వికుడే ఉమ్మడి సొమ్ము దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు.

బ్రిటన్‌లో 1999లో నైస్‌ను పెట్టింది ఈ ఉమ్మడి పడవ కోసమే. కొత్త మందు ఒక మనిషికి ఎన్నేళ్లు అదనంగా ఇస్తుంది, ఆ ఏళ్లు ఎంత ఆరోగ్యంగా గడుస్తాయి అన్నవి కలిపి ‘క్వాలీ’ అనే కొలత వాడుతుంది. పూర్తి ఆరోగ్యంతో గడిచిన ఏడాది ఒక క్వాలీ. దానికి 20 నుంచి 30 వేల పౌండ్ల లోపు ఖర్చయితే మామూలుగా ఆమోదం దొరికేది. సంస్థ పుట్టిన ఏడాదే గ్లాక్సో వెల్‌కమ్ వారి ఫ్లూ మందు రెలెంజాను వద్దంది. కంపెనీ ఛైర్మన్ రిచర్డ్ సైక్స్ మండిపడి, ఇలాగైతే పరిశోధనలు బ్రిటన్ నుంచి తరలిపోతాయన్న హెచ్చరిక వినిపించారు. అప్పటి ఆరోగ్య మంత్రి ఫ్రాంక్ డాబ్సన్ నైస్ పక్షాన నిలబడ్డారు.

ఆ నిలకడ పదేళ్లే ఉంది. 2010 ఎన్నికల్లో కన్జర్వేటివ్ పార్టీ, నైస్ వద్దన్న క్యాన్సర్ మందులకు విడిగా ఒక నిధి పెడతామని మాట ఇచ్చింది. డేవిడ్ కామెరన్ ప్రభుత్వం ఆ ఏడాదే తాత్కాలికంగా మొదలుపెట్టి, 2011 ఏప్రిల్ నుంచి ఏటా 20 కోట్ల పౌండ్లు కేటాయించింది. ఖర్చు త్వరలోనే ఆ గీత దాటింది. 2016 నాటికి మొత్తం 127 కోట్ల పౌండ్లు. ఇంత డబ్బు పోసినా, మందు తీసుకున్నవాళ్లు ఎన్నాళ్లు బతికారో, ఎలా బతికారో చాలా ఏళ్లపాటు సరిగా నమోదు చేయనేలేదు. 2017లో కొందరు పరిశోధకులు ఆ నిధి 2015లో చెల్లిస్తున్న 47 రకాల వాడకాలను పరిశీలిస్తే, ఆయుష్షు పెరిగిందనడానికి గట్టి ఆధారం 18 వాటికే కనిపించింది. ఆ పెరుగుదల మధ్యస్థంగా 3.1 నెలలు.

మూడు నెలలంటే ఏమీ కాదనడం క్రూరం. ఒక తల్లికి ఆ మూడు నెలల్లో కూతురి పెళ్లి ఉండవచ్చు. అయితే ఆ మూడు నెలలు ఒక్క క్యాన్సర్‌కే ఎందుకు? కిడ్నీలు పాడైనవారికి, మతి తప్పిన వృద్ధులకు, స్కిజోఫ్రీనియాతో నలిగిపోయే యువకుడికి ఇలాంటి నిధి ఎవరూ పెట్టలేదు. క్యాన్సర్ పేరుకు ఎన్నికల్లో ఉన్న బలం మానసిక వ్యాధుల పేరుకు లేదు. యార్క్ విశ్వవిద్యాలయంలో కార్ల్ క్లాక్స్‌టన్ బృందం ఇంకో విషయం తేల్చింది. బ్రిటన్ ఆరోగ్య సేవలో మామూలు చికిత్సల మీద సుమారు 13 వేల పౌండ్లు పెడితే ఒక క్వాలీ దక్కుతోంది. అంటే ఒక క్వాలీకి 30 వేలు పెట్టి కొత్త మందు కొన్న ప్రతిసారీ, ఇంకోచోట రెండు క్వాలీలకు పైగా పోతున్నట్టే. కామెరన్ నిధి కొన్నవి ఆ 30 వేల హద్దులోనూ ఇమడని మందులు. చివరికి 2016 జులైలో ఆ నిధి మందుల మదింపును మళ్లీ నైస్ చేతికే అప్పగించారు.

ఇప్పుడు ఒత్తిడి ఇంకా పైనుంచి వస్తోంది. 2025 డిసెంబరులో అమెరికాతో కుదిరిన మందుల ఒప్పందంలో భాగంగా, ఇరవై ఏళ్లకు పైగా కదలని ఆ పరిమితిని 25 నుంచి 35 వేల పౌండ్లకు పెంచడానికి బ్రిటన్ ఒప్పుకుంది. బదులుగా బ్రిటిష్ మందుల మీద అమెరికా సుంకాలు ఉండవు. ఒక ఏడాది ఆరోగ్యానికి ప్రజలు ఎంత చెల్లించాలన్నది వాణిజ్య బేరంలో ఒక అంశమైపోయింది. 1999లో కంపెనీ బెదిరింపుకు లొంగని దేశం ఇలా తలవంచడం విచారించాల్సిన విషయం.

ఎవరి వాటా ఎవరికి పోతోందన్న ప్రశ్న తెలుగు నేల మీద ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ముందు కనబడుతుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులు, ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు. కావలసింది ముఖ్యమంత్రి సహాయ నిధికి ఒక సిఫారసు లేఖ. ఆపరేషన్ ఇంకా కాకపోతే ఎల్ఓసీ, అంటే ఖర్చు చెల్లిస్తామని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ లేఖ. కొన్ని నెలలకు చెక్కుల పంపిణీ, ఫొటో, మరునాడు జిల్లా ఎడిషన్‌లో వార్త. ఆ చెక్కు చాలా ఇళ్లను వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కకుండా కాపాడుతుంది, అందులో సందేహం లేదు. కానీ అదే రోగంతో అదే మండలంలో ఉండి, క్యాంపు ఆఫీసుకు దారి తెలియని మనిషి పరిస్థితి ఏమిటి? హక్కుగా రావలసినది ప్రసాదంగా వస్తే, ప్రసాదం అందని భక్తుడు ఎవరినీ నిలదీయలేడు.

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ అనే కండరాల వ్యాధి పిల్లల కథలు 2021లో దేశమంతా కన్నీరు పెట్టించాయి. ఒక్క డోసు జన్యుచికిత్స 16 కోట్లు. ముంబైలో ఒక పసిపాప మందు మీద దాదాపు 6 కోట్ల పన్నులను కేంద్రం మాఫీ చేసింది. హైదరాబాద్‌లో ఒక బాబుకు విరాళాలతో ఆ మందు అందింది. ఆ ఇద్దరి ఫొటోలూ జనం చూశారు. ఫొటో ఎవరికీ చేరని పిల్లలూ ఆ ఏడాదే అదే వ్యాధితో ఉన్నారు. కేంద్రం అరుదైన వ్యాధుల విధానం కింద ఒక్కొక్కరికి 50 లక్షల వరకు ఇస్తుంది. ఆ హద్దు దాటినా చికిత్స ఆపవద్దంటూ కుటుంబాలు కోర్టులకు వెళ్లాయి. 50 లక్షలు అయిపోయిన ఒక రోగికి మరో 18 లక్షల మందు ఇవ్వాలన్న కేరళ హైకోర్టు ఆదేశాన్ని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నిలిపివేసింది.

ఇదే వ్యాధికి నోటితో తాగే మందు రిస్డిప్లామ్. రోష్ కంపెనీ సీసా ధర సుమారు 6 లక్షల రూపాయలు. 20 కిలోలు దాటిన రోగికి ఒక సీసా 12 రోజులే వస్తుంది, ఏడాదికి 30 సీసాలు కావాలి. ఆ లెక్కన ప్రభుత్వమిచ్చే 50 లక్షలు వంద రోజులకే హరించుకుపోతాయి. పేటెంటు పేరుతో ఈ మందు జెనరిక్‌ను ఆపాలన్న రోష్ కోరికను ఢిల్లీ హైకోర్టు తోసిపుచ్చింది, సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. దాంతో 2025 అక్టోబరులో హైదరాబాద్‌కు చెందిన నాట్కో సీసా 15,900 రూపాయలకు తెచ్చింది. ఇప్పుడు ఏడాదికి 5 లక్షల లోపే. అదే 50 లక్షలు పదేళ్లు వస్తాయి. ఒక బిడ్డకు మందా, అదే డబ్బుతో వందమంది గర్భిణుల రక్తహీనతకు చికిత్సా అని రాజ్యాన్ని నిలదీసిన ధర్మసంకటం నిన్నటిదాకా మనుషుల మధ్య పోటీలా కనిపించింది. అందులో పెద్ద భాగం ధర సృష్టించినదే. కథలో త్రాసు మీద పావురం బరువు పెంచింది దేవతలు, శిబిని పరీక్షించడానికి. ఇక్కడ పెంచేది అమ్మేవాడు. కాబట్టి ఎవరికి ఇవ్వాలని తలపట్టుకునే ముందు, ఈ బరువు నిజమైనదేనా అని అడగడం పాలకుడి మొదటి బాధ్యత.

గాంధీ చివరి రోజుల్లో ఒక సూత్రం రాసి ఇచ్చాడు. సందేహం కలిగినప్పుడల్లా, తాను చూసినవాళ్లలో అత్యంత నిరుపేద ముఖాన్ని గుర్తుచేసుకొమ్మన్నాడు. గుర్తుచేసుకొమ్మన్నాడంటే ఆ ముఖం ఎదుట లేదనే. అర్జీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డ ముఖాన్ని ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. రాజకీయ నాయకుడికి ఆ సాధన నేర్పడం కష్టమే, అందుకే దాన్ని పద్ధతిగా మార్చాలి.

భారత్‌లో 2017 నుంచి కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం కింద ఇలాంటి మదింపు చేసే వ్యవస్థ ఉంది. దాని సిఫారసులు సలహాలుగానే మిగులుతున్నాయి. రెండు తెలుగు ప్రభుత్వాలు తమ ఆరోగ్య పథకాల జాబితాలో ఏదైనా చికిత్స చేర్చినా, తీసేసినా కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ముఖ్యమంత్రి సహాయ నిధి ఏ నియోజకవర్గానికి, ఏ రోగానికి ఎంత వెళ్లిందో ఏటా ఒకేచోట ప్రకటించాలి. అలాగే ఆ ఏడాది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరు మందులు ఎన్ని రోజులు లేవో పక్కనే అచ్చువేయాలి. ఈ మూడూ ఒకే కాగితం మీద సభ ముందు పెట్టమని వచ్చే బడ్జెట్ సమావేశాల్లో మీ ఎమ్మెల్యేను అడగండి.