వాహనము - మమకారము

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు దారి నలభై కిలోమీటర్లకు మించినది. తాడ్వాయి, లింగంపేటల మీదుగా సాగు ఈ దారికి ఇరువైపుల వరిమళ్లు, మొక్కజొన్న చేలు, అక్కడక్కడ చెరకు తోటలు కలవు. ఎడ్లబండికి ఇది ఒక పగటి ప్రయాణము. మోటారుసైకిలుకు గంట, గంటంబావు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా కేంద్రమైన పిదప కచేరీ పనులకు కూడ ఎల్లారెడ్డి వైపు గ్రామములవారు ఈ దారినే రావలసియున్నది. పాలక్యానులను, ఎరువు బస్తాను, బడికి పోవు పిల్లను, ఆసుపత్రికి పోవు ముసలితల్లిని మోసెడి బండిని విలాసవస్తువని ఎవరును అనజాలరు. అది ఇంటి మనుష్యులలో ఒకటివంటిది.

అయితే అట్టి బండ్లు ఒకే ఇంట ఐదుండినచో? ఆ ఐదింటిని తగ్గించుకొనవలెనని తోచి, తగ్గించుకొనుచునే ఆరవదానిపై మనసు పోయినచో? ధర్మవిచారము మొదలగునది ఇక్కడనే.

కామారెడ్డిలో కాపురముండి ఎల్లారెడ్డి సమీపమున పొలము చేయించు ఒక గృహస్థుడున్నాడనుకొనవచ్చును. పేరు అక్కరలేదు, ఇట్టివారు ప్రతి ఊరను కలరు. దురలవాట్లు లేనివాడు, ఏకాదశి ఉపవాసముండువాడు. ఇతనికి మోటారుసైకిళ్లపై మక్కువ. తండ్రి నడిపిన బుల్లెట్టు ఒకటి ఇంట కలదు. మద్రాసులో 1955 నుండి తయారగుచు వచ్చిన జాతి అది. దాని ప్రక్కన మైసూరు కర్మాగారపు యెజ్డీ. ఆ కర్మాగారము 1996లో మూతపడినది. దాని ప్రక్కన రాజ్‌దూత్. ఆ ప్రక్కన, 1985 నుండి 1996 వరకు వచ్చి, నేటికిని కుర్రకారుచే కథలుగా చెప్పుకొనబడు యమహా ఆర్ఎక్స్ 100. చివరిది, టీఎస్ 17 అంకెతో, ప్రతిదినము పొలమునకు పోవు సామాన్యమైన నూరు సీసీల బండి. మొదటి నాలుగును అపురూపమైనవి, ఐదవది మాత్రము పనిచేయునది.

ఒక దసరా నాడు ఐదింటిని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు వేయుచుండగా ఒక బండి హ్యాండిలుకు ఎండిన మామిడాకు తగిలియుండుట ఇతని కంటబడినది. పోయిన దసరా నాటి తోరణపుటాకు అది. ఏడాది కాలము ఆ బండి కదలలేదు. తక్కినవానిలో రెండింటి స్థితియు అదియే. ఆయుధపూజ అనగా పనిముట్టునకు కృతజ్ఞత తెలుపుట. పనిచేయని పనిముట్టునకు ఏ కృతజ్ఞత తెలుపుచున్నట్లు? తగ్గించుకొనవలెనను తలపు ఇతనికి ఆనాడు పుట్టినది.

యంత్రము వాడుకచే అరుగును. వాడకున్నచో అంతకంటె త్వరగా చెడును. బ్యాటరీ తనంత తానే దిగిపోవును. ట్యాంకులోని పెట్రోలు పాతబడి జిగురుగట్టి కార్బురేటరు సన్నని రంధ్రములను మూసివేయును. రబ్బరు సీళ్లు ఎండి చమురు కారును. నిలిచినచోటనే నిలిచిన చక్రము గాలి తగ్గి ఒకవైపు అణగిపోవును. కనుక నాలుగు బండ్లు గలవాడు వానిని ఊరకనే ఉంచుకొనుట సాధ్యము కాదు. వానికి ఊడిగము చేయవలెను. ఆదివారము ఒకదానికి, పండుగ సెలవు ఒకదానికి. మెకానిక్కు కొరకు వెదకుట, దొరకని విడిభాగము కొరకు ఊరూర తిరుగుట, ఏటేట బీమా కట్టుట. బండి మనిషిని మోయుటకు పుట్టినది. ఇక్కడ మనిషియే బండిని మోయుచున్నాడు.

విశిష్టాద్వైతులకు ఈ విషయము ఒక్క మాటలో అర్థమగును. మరియొకరి అతిశయము కొరకే ఉండుట దేని స్వరూపమో అది శేషము, ఆ అతిశయమును పొందువాడు శేషి యని రామానుజులవారి సిద్ధాంతము. జీవుడు భగవంతునికి శేషభూతుడు. వస్తువులును భగవంతునివే, వానిని గృహస్థుడు ఆయన పనికై వాడుకొనుచున్నాడు. ఈ వరుస తలక్రిందులై, మనుష్యుడు ఇనుమునకు శేషుడైనచో ఆ గృహమున ఏదో స్థానము తప్పినట్లే. ఎన్ని వస్తువులున్నవను లెక్క కంటె, ఎవరు ఎవరికి శేషులను ప్రశ్నయే ముఖ్యమైనది.

ఇచ్చట ఒక చమత్కారమైన ఆక్షేపము వినబడుచుండును. శ్రీనివాసునకే శేషవాహనము, హంసవాహనము, సింహవాహనము, గరుడవాహనము, గజ అశ్వ వాహనములు, సూర్యప్రభ, చంద్రప్రభ, రథము - ఇన్ని యుండగా భక్తునికి ఐదు బండ్లుండుట తప్పా? నవ్వుటకు చెప్పినను ఆలోచింపదగిన మాటయే. స్వామి ఆ వాహనములను తన ముచ్చట కొరకు ఎక్కుట లేదు. గర్భాలయమునకు రాలేనివారికి, జనసమ్మర్దములో ఎక్కడనో నిలిచినవారికి కనబడుటకై మాడవీధులలోనికి వచ్చుచున్నాడు. ఆ వాహనములలో ప్రధానులైన శేషుడు, గరుడుడు, హనుమంతుడు వస్తువులు గారు, సేవకు మూర్తులు. శేషుని పేరే ఆ సంగతి చెప్పుచున్నది. ఉత్సవము ముగిసిన పిమ్మట వాహనము మండపమునకు చేరును. దానిని తలచి స్వామికి నిద్ర పట్టకపోవుట యన్నది లేదు. గృహస్థుని ఐదు బండ్లలో ఎవరి దర్శనార్థము ఏ బండి కదలుచున్నదో చూచుకొన్నచో ఆక్షేపమునకు సమాధానము ఇంటి ముంగిటనే దొరకును.

పెద్ద పెద్ద ప్రభువుల సంగతియు ఇంతే. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపురంగు రోల్స్ రాయిస్ కారు నేటికిని చూపరుల కొరకు నిలిపియున్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొరకు చెప్పి చేయించినది అది. కారు వచ్చుటకు మునుపే, 1911లో, ఆయన గతించెను. కోరినవారు ఎక్కలేదు. తరువాత వచ్చిన ఏడవ నిజాము కాలమున కొలది ఊరేగింపులకు తప్ప అది నడచినదియు లేదు. ఆ ఏడవ నిజాము కాలముననే, 1923 నుండి 1931 వరకు, ఎల్లారెడ్డికి చేరువలో మంజీరపై నిజాంసాగరు కట్టబడెను. అది ఎవరికిని అలంకారము గాదు. నీరున్న సంవత్సరమున దాని కాలువ క్రింద పైరు నేటికిని పచ్చబడుచునే యున్నది. ఒకే ప్రభుత్వపు ధనము ఒకచోట నిలిచిపోయినది, ఒకచోట పారినది.

ఇక తగ్గించుకొను విధము. భాగవతము ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజుతో తన ఇరువదినలుగురు గురువులను గూర్చి చెప్పును. వారిలో ఒక కన్య కలదు. తన్ను చూడవచ్చిన బంధువుల కొరకు ఇంట ఎవరును లేనివేళ తానే వడ్లు దంచుచుండగా చేతి గాజులు గలగలలాడినవి. ఇంటి పేదరికము బయటపడునని సిగ్గుపడి ఆమె ఒక్కొక్క గాజే తీసివేసెను. చేతికి రెండేసి మిగిలినవి, అప్పుడును చప్పుడైనది. ఒక్కొక్కటే మిగిలిన తరువాత చప్పుడు లేదు. పలువురు కలిసియున్నచోట కలహమని, ఇద్దరున్నను మాటలు పెరుగునని, ఒంటరితనము మేలని అవధూత దానినుండి గ్రహించెను. సన్న్యాసికి ఆ అర్థము. గృహస్థునకు మరియొక అర్థము కూడ చెప్పుకొనవచ్చును: ఆ కన్య గాజులను ద్వేషించి తీయలేదు. చేతిలో పనియున్నది, బయట అతిథులున్నారు. వారి భోజనము కొరకు తీసినది. మంగళప్రదమైన ఒక్క గాజును ఉంచుకొన్నది కూడ.

మన గృహస్థుడును ఒక్కొక్కటే తీయ మొదలిడెను. రాజ్‌దూత్ ముందు. ఆ తరువాత యెజ్డీని గూర్చి బేరము. ఇక్కడనే ఒక విచిత్రము జరుగుచుండును. ఒక్కొక్క బండి పోయినకొలది వచ్చిన సొమ్మును కూడుచు, ఆ సొమ్ముతో రాదగిన క్రొత్త బండి ఏదియని మనసు లోలోన సంతకు బయలుదేరును. పాత యెజ్డీ పోవుచున్నదా, 2022లో అదే పేరుతో క్రొత్త బండి మరల వచ్చినది గదా యని. టీజీ 17 అంకెతో ఒకటి ముంగిట నిలిచినట్లు, దాని ధ్వని విన్నట్లు. నాలుగింటిపై పంచుకొనబడియుండిన ఆశ ఇప్పుడు ఒక్కదానిపై కుప్పపడినది. దీనిని త్యాగమనుటకు వీలులేదు, ఇది మారకము. మారకము పాపము గాదు, కాని దానిని త్యాగమని తలచి లోలోన పొంగిపోవుట ఆత్మవంచన.

సంఖ్య తగ్గినంత మాత్రమున బంధము తగ్గదని చెప్పుటకు భరతుని కథకు మించినది లేదు. ఋషభదేవుని కుమారుడైన ఆ చక్రవర్తి రాజ్యమంతయు విడిచి గండకీతీరమున పులహాశ్రమమునకు చేరెను. సింహగర్జనకు బెదరి ఏరు దాటబోయిన ఒక నిండుచూలి లేడి పిల్లను జారవిడిచి మరణించెను. దయతో ఆ పిల్లను తెచ్చి పెంచెను. దయ మంచిదే. ఆ దయ ఎప్పుడు మమకారమైనదో ఆయనకే తెలియలేదు. రాజ్యమును విడువగలిగినవాడు లేడిపిల్లను విడువలేక, దానినే తలచుచు దేహము చాలించి లేడియై పుట్టెను. ఆయనకు విడువరానిదై మిగిలినది ఒక్కటే. ఆ ఒక్కటియే చాలినది.

అట్లని గృహస్థుడు క్రొత్త బండి కొనరాదని శాస్త్రము చెప్పుట లేదు. కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతయే తనదనుటకు దేహికి హక్కు కలదనియు, మించినదానిని తనదనువాడు దొంగయనియు భాగవతమున నారదుడు ధర్మరాజుతో పలికిన పలుకు కఠినమైనది. వాహనమునకు కడుపు కొలత ఏది? ఎవ్వడును ఒక్కసారి రెండు బండ్లనెక్కలేడు. దారి, బరువు, వెనుక కూర్చుండువారు - ఇవియే కొలతలు. ఈ గృహస్థుని తల్లికి మోకాళ్ల నొప్పులు. ఎత్తైన సీటుపైకి కాలు చాచలేక ఎల్లారెడ్డిలోని కూతురింటికి పోవుట ఆమె మానుకొన్నది. తరువాతి బండి ఏదియని ఇతడు మిత్రులనడిగెను, మెకానిక్కునడిగెను, దుకాణములలో అడిగెను. తల్లిని అడుగలేదు. ఆమెకు ఇంజను శక్తి తెలియదు గాని తాను ఎక్కగల సీటు ఎత్తు తెలియును. అట్టి బండి కొనుట భోగమనిపించుకొనదు. ఇంటిలో జరుగు కైంకర్యము అది.

విడిచిపెట్టు విధమునందును ధర్మమున్నది. కఠోపనిషత్తులో నచికేతుని తండ్రి నీరు త్రాగుట, గడ్డి మేయుట ముగిసిపోయిన ముసలి ఆవులను దానమీయబోగా ఆ బాలుడు కలతపడెను. కదలని బండిని పొలములో పనిచేయు జీతగానికిచ్చి దానమిచ్చితినని చెప్పుకొనుట దానికి తక్కువది గాదు. బాగుచేయించుటకు అయ్యెడి ఖర్చు ఆ బీదవాని మెడకు చుట్టుకొనును. అమ్మునపుడు లోపము చెప్పి అమ్మవలెను. మరియొకటి: బండి ఇచ్చివేసి రిజిస్ట్రేషను పుస్తకములో తన పేరట్లే ఉంచుట మన ఊళ్లలో సర్వసాధారణము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము అదే రాష్ట్రములో అమ్మినచో 14 దినములలో అమ్మినవాడు ఆ సంగతి తెలుపవలెను. పుస్తకమున ఎవని పేరున్నదో వాడే యజమానియని, ప్రమాదము జరిగినచో నష్టపరిహారపు బాధ్యత వానిదేనని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వస్తువు పోయి పేరు మిగిలినచో బంధమే మిగిలినదని వేదాంతులు చెప్పు మాటను న్యాయస్థానము మరియొక విధముగా చెప్పినట్లున్నది.

తక్కినవన్నియు ఒక యెత్తు, తండ్రి బుల్లెట్టు ఒక యెత్తు. దానిపై తండ్రి వెనుక కూర్చుండి మంజీర వరదను చూడబోయిన బాల్యమున్నది. దీనికి ధర ఎట్లు కట్టుట? ఇట్టిచోట ఎవరును తొందరపడి తీర్పు చెప్పరాదు. శ్రీరామాయణమున పుష్పకము సంగతి మాత్రము తలపునకు తెచ్చుకొనదగినది. కుబేరుని నుండి రావణుడు బలిమిని లాగుకొన్నది అది. రావణుని జయించిన రామునకు అది విజయలబ్ధము. సీతాలక్ష్మణులతో, సుగ్రీవ విభీషణులతో, వానరులతో దానిపై నందిగ్రామమునకు వచ్చెను. దిగినవెంటనే కుబేరుని కడకు పొమ్మని పంపివేసెను. పనియైనది, ఎవరిదో వారికి చేరవలెను. ఉత్తరకాండమున కుబేరుడే దానిని మరల పంపగా, రాముడు పూజించి, యథేచ్ఛగా పొమ్మని, తలచినపుడు రమ్మని చెప్పెను. ఇంట కట్టివేయలేదు. తలపులో ఉండనిచ్చెను.

ఈ గృహస్థుడు బుల్లెట్టును ఇంకను అమ్మలేదు. ఎల్లారెడ్డిలోని చెల్లెలి కుమారుడు తాతగారి బండియని దానిని అడుగుచున్నాడు. ఆ పిల్లవానికి పొలము పనికి బండి లేదు. కాగితములు ఆ పిల్లవాని పేరికి మార్చుటకు దరఖాస్తు తెచ్చి బల్లపై పెట్టుకొని, సంతకము పెట్టక మూడు దినములైనది. ముంగిట మూడు బండ్లు నిలిచిన చోటు ఖాళీయైనది. నేలపై చమురు మరకలు ఇంకను పోలేదు. వానిపై పాత దుప్పటి పరచి తల్లి మొక్కజొన్నలు ఎండబోసినది.