లెక్క మరచిన పిల్లాడు

ధాన్యకటకంలో మహాచైత్యానికి పల్నాటి రాళ్లు చెక్కుతున్న కాలం. ఇప్పుడు మనం అచ్చంపేట అంటున్న సీమలో, కృష్ణ ఒడ్డున, సీసం పోసేవాడొకడు ఉండేవాడు. బండ్లమొట్టు కొండల వైపు నుంచి సీసపు దిమ్మలు బండ్ల మీద వచ్చి అతని వాకిట్లో దిగేవి. వాటిని మట్టి మూసలో కరిగించి, బిళ్లలు పోసి, ఒక పక్క ఏనుగు బొమ్మ, రెండో పక్క నాలుగు సున్నాల గుర్తు పడేట్టు ముద్ర కొట్టేవాడు.

ఇనుము పని చేసేవాళ్లకు తిత్తులు ఊదీ ఊదీ భుజాలు పడిపోయేవి. రాగి కరగాలంటే బొగ్గు రాశులు పోయాలి. సీసానికి అదేమీ అక్కర్లేదు, నాలుగు కట్టెల మంట చాలు. "నా ఎద్దులకన్నా ఇదే నా మాట బాగా వింటుంది" అని మురిసిపోయేవాడు.

అతనికి ఏడేళ్ల కొడుకు. వాడి కళ్లలో లెక్క ఉండేది. బిళ్లలు గుప్పెడు తీసి చాప మీద చల్లితే, చల్లీ చల్లగానే "ఇరవై మూడు" అనేవాడు. సరుకు కోసం వచ్చిన శ్రేష్ఠి నాలుగైదు సార్లు పరీక్ష పెట్టి, ఒక్కసారీ తప్పు పట్టలేకపోయాడు. "వీణ్ని నా దగ్గరికి పంపించు, పద్దులు నేర్పిస్తాను" అన్నాడు. అప్పటిదాకా పిల్లాడి చోటు కొలిమి పక్కనే. నేల మీద చిందిన సీసపు చుక్కలు ఏరుకుని గచ్చకాయల్లా ఆడుకునేవాడు.

ఏటి మీది బెస్తలు వచ్చి, వలకు కట్టే కాల్చిన మట్టి గుళ్లు రాళ్లకు తగిలి పగిలిపోతున్నాయని చెప్పుకుంటే, అతను వాళ్లకు సీసపు గుళ్లు పోసిచ్చాడు. వల తిన్నగా అడుక్కి దిగింది. ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకోవలసిన పనే అది.

ఆ ఉత్సాహంలోనే వంట గిన్నె కూడా పోశాడు. దాంట్లో తరవాణి కాచితే పులుపు విరిగి తీపి తగిలింది. పిల్లాడు మళ్లీ మళ్లీ అడిగి తాగాడు.

మొదట చూసింది నాయనమ్మ. వాకిట్లో గింజలు ఏరుకునే కోళ్లు మెడలు వాల్చేశాయి. చిట్టెం పోసిన చోట మేసిన మేక పళ్లు కొరుకుతూ గుండ్రంగా తిరిగి చచ్చిపోయింది. తర్వాత పిల్లాడు కడుపు పట్టుకుని మెలికలు తిరగడం మొదలుపెట్టాడు. మొహం పాలిపోయింది.

"ఒరేయ్, కొలిమిని ఊరి గాలి తగలని చోటికి మార్చెయ్. ఆ గిన్నె తీసెయ్. కుండలో కాచుకుందాం" అంది.

"అమ్మా, పొగ పీల్చేది నేను. నాకేం కాలేదు, వాడికేమవుద్ది?"

"నీకూ అయింది. మొన్న మూస ఎత్తుతుంటే నీ మణికట్టు వాలిపోయింది. నువ్వు దాచుకున్నావు, నేను చూశాను."

అతను కాసేపు మాట్లాడలేదు. "శ్రేష్ఠి సరుకు అప్పజెప్పి మారుస్తాలే, పున్నమి దాకా ఆగు" అన్నాడు. పున్నమి పోయింది. అమావాస్య పోయింది. జొన్నకోతలు కూడా అయిపోయాయి.

శ్రేష్ఠి వచ్చాడు. అలవాటు కొద్దీ గుప్పెడు బిళ్లలు చాప మీద చల్లాడు. పిల్లాడు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. వేలు పెట్టి ఒక్కోదాన్నీ తాకుతూ లెక్క మొదలుపెట్టాడు. ఏడు తర్వాత తొమ్మిదన్నాడు. మళ్లీ మొదటికొచ్చాడు. మళ్లీ ఏడు దగ్గరే ఆగిపోయాడు. శ్రేష్ఠి బిళ్లలు మూట గట్టుకుని, పద్దుల మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రే తండ్రి కొలిమి పడగొట్టాడు. ఎవరూ అడుగుపెట్టని మెట్ట మీద మళ్లీ కట్టాడు. గిన్నెను కరిగించి వల గుళ్లు పోసేశాడు. కొన్ని నెలలకు పిల్లాడి కడుపునొప్పి తగ్గింది, మొహంలో రంగు తిరిగి వచ్చింది. లెక్క మాత్రం రాలేదు. పెద్దయ్యాక వాడు వల వేసేవాడు, చేపలు బాగానే పడేవి. వాటిని లెక్కపెట్టడానికి ఇంకొకరు కావాల్సి వచ్చేది.

నీతి: సులువుగా లొంగే వస్తువు లాభాన్ని ఆ పూటే చేతిలో పెడుతుంది. నష్టాన్ని మాత్రం ఆలస్యంగా, ఇంట్లో అందరికన్నా చిన్నవాడి దగ్గర వసూలు చేస్తుంది. అందుకే పెద్దలు తమ ఒంటిని కాదు, బిడ్డ ఒంటిని చూసి నిర్ణయించుకోవాలి.

కథలో మనుషులు కల్పితం. సీసం చేసే పని కల్పితం కాదు. ఆ కాలంలో ఈ సీమను ఏలిన శాతవాహనులు సీసంతో విరివిగా నాణేలు వేయించారు. రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉన్నవి కోస్తాలో దొరికాయి. అప్పటి సముద్ర వ్యాపారం ఎంత జోరుగా సాగిందో వాటిని చూస్తే తెలుస్తుంది. రోమన్ల బంగారు నాణేలు 1889లో మన వినుకొండలోనే బయటపడ్డాయి. భారతదేశంలో సీసం లేదనీ, రత్నాలూ ముత్యాలూ ఇచ్చి కొనుక్కుంటారనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ మాట తప్పు. అదే వినుకొండ దగ్గర అగ్నిగుండాల ప్రాంతంలో, బండ్లమొట్టు కొండలో సీసం ఖనిజం ఉంది. మన కాలంలో హిందూస్థాన్ జింక్ సంస్థ అక్కడ గని నడిపింది, తర్వాత అది మూతపడింది.

సీసం కథ మన దేశంతో ఆగదు. గ్రీసులో లారియం గనుల సీసపు రాతి నుంచే ఏథెన్స్‌కు వెండి వచ్చింది. క్రీ.పూ. 483లో ఆ వెండితో యుద్ధనౌకలు కట్టాలని ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లిస్ అక్కడి జనాన్ని ఒప్పించాడు. ఆ గనుల్లోకి దిగి తవ్వింది బానిసలు. రోమన్లు సీసపు గొట్టాల్లో నీళ్లు పారించారు, ద్రాక్షరసాన్ని సీసపు పాత్రల్లో కాచి తీపి చేసుకున్నారు. వాళ్ల కొలుముల పొగ జాడ గ్రీన్‌లాండ్ మంచు పొరల్లో ఇప్పటికీ దొరుకుతోంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి. ఇదంతా తెలియక జరగలేదు. రెండు వేల ఏళ్ల కిందటే విట్రూవియస్ అనే వాస్తుకారుడు సీసం పనివాళ్ల పాలిపోయిన మొహాలు చూపించి, నీళ్లకు మట్టి గొట్టాలే మేలని రాసిపెట్టాడు. కథలో నాయనమ్మ చెప్పినట్టే చెప్పాడు. ఎవరూ వినలేదు. ఆ చెడు ఒక్క రోజులో కనపడేదైతే విని ఉండేవాళ్లు. మన దేశంలో పెట్రోలులో సీసం కలపడం 2000 దాకా ఆగలేదు. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 80 కోట్ల మంది పిల్లల రక్తంలో ఉండకూడనంత సీసం ఉంది. అందులో 27.5 కోట్ల మంది మన దేశపు పిల్లలు. రక్తంలో ఇంత సీసం ఉన్నా పరవాలేదని చెప్పగల మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది.

ఇప్పుడు సీసం మన ఇళ్ల దగ్గరికి వచ్చే దారుల్లో పాత బ్యాటరీలు ముఖ్యమైనవి. ట్రాక్టరుదో, ఆటోదో, ఇన్వర్టరుదో పాడైతే దాన్ని పగలగొట్టి పలకలు కరిగించేవాళ్లకు అమ్మకండి. కొన్న దుకాణానికే తిరిగివ్వండి, పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులకు చట్టప్రకారం ఉంది. మీ వీధిలోగానీ, బడి వెనకగానీ, బావి పక్కనగానీ ఎవరైనా సీసం కరిగిస్తుంటే పున్నమి దాకా ఆగకండి. ఈరోజే పంచాయతీకి చెప్పి ఆపించండి.