ఆకాశ చిత్రములు – అరుంధతీ న్యాయము

తెలుగువారి వివాహములో మాంగల్యధారణము, తలంబ్రాలు, సప్తపది ముగిసిన పిమ్మట పురోహితుడు వధూవరులను పందిరి వెలుపలికి తోడ్కొనిపోయి, ఉత్తర దిక్కునకు వేలు చూపి, "అరుంధతి కనబడినదా?" అని అడుగును. పెండ్లి పట్టపగలు జరిగినను ఈ ప్రశ్న తప్పదు. సూర్యుడు నడినెత్తిన నుండగా వధూవరులు "కనబడినది" అని తల యూపుదురు. చుట్టునున్న బంధువులు నవ్వుదురు. ఆ నవ్వు వెనుక ఒక గంభీరమైన ప్రశ్న దాగియున్నది. కంటికి కనబడని దానిని చూపుట సత్యమా, అసత్యమా?

ఈ ప్రశ్న నేడు అమెరికా దేశమున, కాలిఫోర్నియా రాష్ట్రములోని శాన్ రామన్ పట్టణమున క్రొత్త రూపములో లేచుచున్నది. శాన్ రామన్ డయాబ్లో పర్వతమునకు నైరృతి దిశగా నున్న లోయలోని పట్టణము. అచ్చట తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడినవి. సమీపమున లివర్మోరులో శివవిష్ణు దేవాలయము కలదు. ఆ పర్వతము ఎత్తు 3,849 అడుగులు. మౌంట్ డయాబ్లో ఖగోళ సంఘమువారు ఆ కొండపై తమ దూరదర్శినులను నిలిపి, వచ్చిన వారికందరకు ఆకాశమును చూపుదురు. వీరు వృత్తిచేత శాస్త్రజ్ఞులు కారు. పగలు వేరు ఉద్యోగములు చేసికొని, రాత్రి నిద్ర మాని, నక్షత్రములను సేవించువారు. ఇట్టివారిలో కొందరు దూరదర్శినికి కెమెరాను బిగించి ఆకాశ చిత్రములు తీసి, వాటిని మూల్యము కోరక లోకమునకు పంచిపెట్టుచున్నారు.

ఆ చిత్రములలో ఎఱ్ఱని వాయుమేఘములు, నీలి ధూళి, సుడి తిరిగిన గెలాక్సీలు కనబడును. వీటిలో ఏదియు కంటికి ఆ రంగులలో కనబడదు. ఒక బాలుడు ఇంటివద్ద మృగశీర్ష ప్రాంతపు మహా నీహారిక చిత్రమును చూచి, కొండయెక్కి దూరదర్శినిలో కన్నుపెట్టినచో, వానికి కనబడునది బూడిదవన్నె మసక మాత్రమే. "చిత్రములో ఎఱ్ఱగా నుండెనే?" అని బాలుడు అడుగును. ఆ ప్రశ్నకు బదులు చెప్పుట పెద్దల ధర్మము.

మొదట ఆ చిత్రము ఎట్లు పుట్టునో తెలిసికొనవలెను. మానవ నేత్రము ఒక క్షణములో అందిన వెలుగును చూచి, మరుక్షణమే దానిని విడిచిపెట్టును. కెమెరా అట్లు కాదు. నిమిషముల తరబడి వెలుగును కూడబెట్టును. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుచుండుటచే, దూరదర్శినిని కూడ అదే వేగమున ఎదురు త్రిప్పవలెను. లేనిచో నక్షత్రములు గీతలగును. ఒక్క చిత్రము చాలదు. అటువంటివి పదులు, నూరులు తీసి ఒకదానిపై నొకటి కలుపుదురు. నూరు చిత్రములు కలిపినచో, నిజమైన వెలుగుతో పోల్చగా యాదృచ్ఛికమైన మచ్చల కల్లోలము పదియవ వంతునకు తగ్గును. నిజమైనది ప్రతి చిత్రములోను అదే చోట నిలుచును. మచ్చ మాత్రము చోటు మారుచుండును. పెక్కుసార్లు చూచిన పిమ్మటనే సత్యము తేలును అను మాటకు ఇంతకంటె మంచి దృష్టాంతము దొరకదు.

ఇక రంగుల సంగతి. నీహారికలోని ఉదజని వాయువు నిజముగానే ఎఱ్ఱని కాంతి నిచ్చును. ఆ కాంతి మిక్కిలి మందము. చీకటిలో మన కన్ను రంగును గుర్తింపలేదు గనుక బూడిదవన్నెగా తోచును. అనగా ఈ ఎఱుపు కల్పితము కాదు, కంటి అశక్తిచే మరుగైనది. వేరొక పద్ధతి కూడ కలదు. గంధకము, ఉదజని, ఆమ్లజని ఇచ్చు మూడు కాంతులను విడివిడిగా గ్రహించి, వాటికి ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను రంగులను చిత్రకారుడే నియమించును. 1995 లో హబుల్ దూరదర్శిని తీసిన ప్రసిద్ధమైన ధూళిస్తంభముల చిత్రము ఇట్టిదే. ఇచ్చట ఉదజని ఎఱ్ఱగా గాక ఆకుపచ్చగా చూపబడును. ఇది పటములో జిల్లాలకు వేరువేరు రంగులు వేయుట వంటిది. పటమును చూచి భూమి పసుపుపచ్చగా నుండునని ఎవ్వరును అనుకొనరు. ఏలయనగా పటము క్రింద రంగుల అర్థము వ్రాయబడి యుండును. కావున దోషము రంగు వేయుటలో లేదు. వేసినానని చెప్పకుండుటలో కలదు.

ఇచ్చట పూర్వుల న్యాయమొకటి సాయపడును. దానికి స్థూలారుంధతీ న్యాయమని పేరు. అరుంధతి చిన్న చుక్క. వెంటనే కంటికి ఆనదు. అందుచే గురువు మొదట దగ్గరనున్న పెద్ద చుక్కను చూపి, "అదియే అరుంధతి" అనును. శిష్యుని చూపు అచ్చట నిలిచిన తరువాత, "అది కాదు, దాని ప్రక్కనున్న చిన్నది" అని అసలు అరుంధతిని చూపును. మొదటి మాట అక్షరాలా నిజము కాదు. అయినను అది మోసము కాదు, మెట్టు. ఆకాశ చిత్రము అట్టి పెద్ద చుక్క. దాని అందమునకు మెచ్చి బాలుడు తల పైకెత్తును. ఆ తరువాత మసకవలె నున్న అసలు నీహారికను చూచి, ఈ వెలుగు ఇంచుమించు 1,300 సంవత్సరములు ప్రయాణించి తన కంటిని చేరినదని తెలిసికొనును. అప్పుడు ఆ మసక చిత్రము కంటె గొప్పదగును.

కాని ఈ న్యాయములో ఒక నియమము కలదు. పెద్ద చుక్కను చూపి ఊరకున్న గురువు గురువు కాడు. రెండవ మాట చెప్పువరకు అతడు శిష్యునికి ఋణపడి యుండును. ఒక దినమున తీసిన చంద్రుని వేరొక దినమున తీసిన కొండపై అతికించి, "ఇట్లు చూచితిని" అనుట అసత్యము. ఆ చంద్రుడు ఆ కొండపై అంత పెద్దగా ఎన్నడును లేడు. నేడు కొన్ని యంత్రములు లేని వివరములను తామే ఊహించి చిత్రములో పూరించుచున్నవి. అది చూపుట కాదు, పుట్టించుట. 2019 నుండి వేల కొలదిగా ఎగురవేయబడిన ఉపగ్రహములు చిత్రములపై తెల్లని గీతలు గీయుచున్నవి. వాటిని తుడిచివేయుట సులభము. తుడుచుట దోషము కాకపోవచ్చును. కాని గీతలే లేవన్నట్లు నటించినచో, ఆకాశమునకు కలిగిన గాయమును దాచినట్లగును. పురోహితుడు పగలు చూపిన అరుంధతి కంటికి కనబడకున్నను ఉన్నదే. ఉన్నదానిని చూపుట వేరు, లేనిదానిని చూపుట వేరు. సత్యాసత్యముల ఎల్ల ఇచ్చట నున్నది.

రెండవ ప్రశ్న పంచుకొనుటకు సంబంధించినది. ఈ చిత్రము ఎవరిది? శాన్ రామన్‌కు దక్షిణముగా హామిల్టన్ పర్వతముపై లిక్ వేధశాల కలదు. పియానోలు చేసి ధనము గడించిన జేమ్స్ లిక్ అను వ్యక్తి ఇచ్చిన సొమ్ముతో అది కట్టబడి, 1888 లో పని ప్రారంభించెను. ఆ దాత దేహము ఆ మహా దూరదర్శిని పీఠము క్రిందనే సమాధి చేయబడినది. అచ్చటనే క్రాస్లీ అను మరియొక దూరదర్శిని కలదు. దానిని మొదట నిర్మింపజేసినవాడు ఇంగ్లండులోని ఆండ్రూ కామన్ అను ఇంజనీరు. ఖగోళశాస్త్రములో అతడు ఔత్సాహికుడే. 1883 లో అతడు దానితో తీసిన నీహారికా చిత్రములో, దూరదర్శినిలో కన్నుపెట్టి చూచినను కనబడని నక్షత్రములు కనబడెను. ఆ దూరదర్శిని చేతులు మారి, 1895 లో లిక్ వేధశాలకు దానముగా వచ్చెను. అచ్చట జేమ్స్ కీలర్ దానితో చిత్రములు తీసి, సుడి తిరిగిన నీహారికలు ఆకాశములో లెక్కకు మిక్కిలిగా నున్నవని కనుగొనెను. ఒక ఔత్సాహికుని ముచ్చట పంచుకొనబడుటచే లోకమునకు జ్ఞానమైనది. 2023 లో డ్రెక్స్లర్, స్ట్రాట్నర్, సాంటీ అను ముగ్గురు ఔత్సాహికులు నూరు గంటలకు పైగా వెలుగును కూడబెట్టి, ఆండ్రోమెడా గెలాక్సీ ప్రక్కన అంతకుముందు ఎవ్వరును గుర్తింపని ఆమ్లజని కాంతి చాపమును లోకమునకు చూపిరి. వేలమంది చిత్రించిన చోటనే అది దాగియుండెను.

అయినను పంచుకొనుట యనగా పేరు పోగొట్టుకొనుట కాదు. ఒకడు చలిలో మేల్కొని తీసిన చిత్రమును వేరొకడు తనదని చెప్పుకొనుట కలదు. "ఆకాశము అందరిది గదా" అని సమర్థించుకొనుటయు కలదు. ఆకాశము ఎవ్వరి సొత్తును కాదు, నిజమే. కాని మేల్కొన్న రాత్రి ఆ మనిషిది. చెఱకు తోటల సంతతివారికి ఈ భేదమును వేరుగ బోధింపనక్కరలేదు. వారి పూర్వులు పండించిన చెఱకు చక్కెరయై దేశదేశముల బల్లలపైకి చేరెను. ఆ చక్కెరపై వారి పేరు లేదు. వారికి మిగిలినది పట్టీలోని సంఖ్య మాత్రమే. శ్రమను అనుభవించి శ్రమించినవాని పేరు మరచుట ఎట్టి అన్యాయమో ఎఱిగిన జాతి, చిత్రము క్రింద చిత్రకారుని పేరు వ్రాయుటలో ముందుండవలెను.

తెలుగు నేలకు ఈ విద్యతో సంబంధము పాతది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. మేజర్ టెన్నెంట్ బృందము అదే గుంటూరులో గ్రహణమునకు ఫోటోలు తీసెను. విశాఖపట్టణములో గోడే వెంకట జగ్గారావు తన స్వంత వ్యయముతో వేధశాలను నెలకొల్పెను. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దానిని నడిపి, 1874 లో సూర్యబింబముపై శుక్రుని గమనమును పరిశీలించెను. ఆ దశాబ్దములలోనే అదే తీరపు జిల్లాల నుండి పేదలు మారిషసునకు, నేటాలునకు ఓడలెక్కిరి. 1860 నవంబరు 16 న ట్రురో అను ఓడ మద్రాసు నుండి డర్బను చేరెను. 1903 నుండి మద్రాసు ఓడలు ఫిజీకి కూడ పోయెను. జమీందారు మేడపై దూరదర్శిని యుండెను. కూలివాని తలపై ఉత్త ఆకాశమే యుండెను.

ఆ ఆకాశము కూడ వారికి మారిపోయెను. విశాఖలో ధ్రువ నక్షత్రము ఉత్తరమున ఇంచుమించు 18 డిగ్రీల ఎత్తున నిలుచును. భూమధ్యరేఖను దాటిన పిమ్మట ధ్రువుడు సముద్రములో మునిగెను. ఫిజీలో గాని, మారిషసులో గాని, డర్బనులో గాని అతడు ఎన్నడును కనబడడు. సప్తర్షి మండలము తలక్రిందులై ఉత్తరపు అంచున కొలది నెలలు మాత్రము తోచును. డర్బనులో అరుంధతి మిక్కిలి పైకి వచ్చినప్పుడును దిగంతమునకు 5 డిగ్రీల ఎత్తు మాత్రమే. అయినను పెండ్లిపందిళ్లలో అరుంధతీ దర్శనము ఆగలేదు. చుక్క కనబడలేదు, దిక్కు మాత్రము మరువలేదు. పూర్వులు బిడ్డలకు అందించినది నక్షత్రము కాదు, వేలు చూపు దిక్కు.

ఇప్పుడు ఆ సంతతివారిలో కొందరు ఫిజీ మొదలగు చోట్ల నుండి కాలిఫోర్నియాకు చేరిరి. అచ్చట ధ్రువుడు మరల కనబడుచున్నాడు. శాన్ రామన్‌లో అతని ఎత్తు ఇంచుమించు 38 డిగ్రీలు. ఇంకను ఆశ్చర్యమేమనగా, ఆ అక్షాంశమున అరుంధతి అస్తమింపదు. మిక్కిలి దిగినప్పుడును దిగంతమునకు రెండు మూడు డిగ్రీల పైననే యుండును. కావున అచ్చటి పురోహితుడు ఏ వేళ ఉత్తరమునకు వేలు చూపినను, ఆ మాట నిజమే. 1857 లో హార్వర్డు వేధశాలలో తొలిసారి ఫోటోలో చిక్కిన జంట నక్షత్రములలో వసిష్ఠ అరుంధతులే యుండిరి. తాతలు పోగొట్టుకొన్న చుక్క మనుమల యింటి పైకప్పుపై నిలిచియున్నది. కాని వీధిదీపముల వెలుగులో చాలమంది తలయెత్తి చూడరు.

ఇచ్చట మూడవ ధర్మము కలదు. వెలుగు మంచిదే, మితిమీరినచో ఒకరి వెలుగు మరియొకరి ఆకాశమును కప్పును. 1980 నుండి శాన్ హోసే నగరము లిక్ వేధశాల కొఱకు పసుపుపచ్చని సోడియం దీపములను వీధులలో వాడి, చాలకాలము ఆ మర్యాదను నిలిపినది. డయాబ్లో శిఖరముపై 1928 లో విమానములకై వెలిగించిన దీపము యుద్ధకాలమున 1941 లో ఆర్పబడి, 1964 నుండి మృతవీరుల స్మృతికై డిసెంబరు 7 న ఒక్క రాత్రి వెలుగుచున్నది. దీపము ఎప్పుడు వెలిగింపవలెనో, ఎప్పుడు ఆర్పవలెనో తెలిసికొనుటయు దీపారాధనలో భాగమే. ఆకాశ చిత్రములను పంచు ఔత్సాహికులు, చెప్పకయే, ఈ సంగతిని కూడ చెప్పుచున్నారు. నగరమునకు దూరముగా పోయి వారు తెచ్చిన పాలపుంత, నగరవాసి నెత్తిమీద కూడ నున్నదే.

కావున చూపువానికి మూడు ధర్మములు. ఉన్నదానినే చూపవలెను. ఎట్లు చూపితినో చెప్పవలెను. ఎవరి శ్రమవలన చూడగలిగితిమో వారి పేరు చెప్పవలెను. చూచువానికి ఒక్కటే ధర్మము: చిత్రము వద్ద ఆగిపోరాదు. ఒక రాత్రి వాకిటి దీపమార్పి, పిల్లల చేయి పట్టుకొని వెలుపలికి పోయి, వసిష్ఠుని ప్రక్కనున్న ఆ చిన్న చుక్కను వెదకవలెను. "కనబడినదా?" అని అడిగినప్పుడు బిడ్డ "లేదు" అన్నచో కోపింపరాదు. కన్ను చీకటికి అలవాటు పడువరకు కొంతసేపు ప్రక్కన నిలువవలెను. తరువాత మరల అడుగవలెను.