‘సిల్లీ’ యను మాట

ఆంగ్లమున ‘సిల్లీ’ యను చిన్న పదమొకటి కలదు. మన యిండ్లలో ఆంగ్లము రాని పిల్లలు సైతము దానిని తెలుగుమాటవలె వాడుచున్నారు. తెలివిమాలినది, లెక్కింపదగనిది యని దాని నేటి యర్థము. పుట్టినప్పుడు మాత్రము దాని యర్థమిది కాదు. ప్రాచీనాంగ్లమున దాని రూపము ‘సేలిగ్’. ధన్యుడు, భాగ్యవంతుడు అని యర్థము. జర్మను భాషయందలి దాని తోబుట్టువునకు నేటికిని ధన్యుడనియే యర్థము. ఆంగ్లమున ధన్యుడు క్రమముగా నిష్కపటి యయ్యెను, నిష్కపటి జాలిపడదగినవాడయ్యెను, పదునాఱవ శతాబ్దికి జాలిపడదగినవాడు తెలివిలేనివాడయ్యెను.

ఇది పాశ్చాత్యులకే చెల్లిన వింత యని తలపరాదు. ‘ముహ్’ ధాతువునుండి ‘ముగ్ధ’, ‘మూఢ’ యను రెండు రూపములును ఏర్పడునని పాణిని యంగీకరించెను. ధాతువొకటే, ప్రత్యయమొకటే. అయినను ఆడుబిడ్డను చదువునకు దూరముగా నుంచి ముగ్ధ యని మెచ్చుకొందుము. ఆమె లెక్క తప్పిననాడు మూఢురాలని నిందింతుము. ‘అమాయకుడు’ అనగా మాయ లేనివాడు. మాయ లేకుండుట గుణమే గదా! కాని ‘వాడు వట్టి అమాయకుడు’ అని సంతలో అన్నప్పుడు, వానిని సులువుగా మోసగింపవచ్చునను సూచన కూడ అందు దాగియున్నది.

ఈ మాటను మైదానమువారు తఱచుగా కొండవారిపై విసరుదురు. రంపచోడవరపు మన్యమున కొండరెడ్లు మొదలగువారు నోటిమాటపై నమ్మకముంచి ఇచ్చిపుచ్చుకొనుచుండిరి. క్రిందినుండి వచ్చిన వర్తకులు వారికి అప్పులిచ్చి, కోర్టులలో ఏకపక్షపు డిక్రీలు పొంది, పశువులను జప్తు చేయించిరి. కల్లుపై ఆంక్షలు, మన్సబుదారుని పన్నులు, పోలీసుల పీడన దీనికి తోడై 1879 మార్చిలో రంప పితూరీ చెలరేగెను. అది గొలుగొండ కొండలకును రేకపల్లికిని ప్రాకెను. మోసపోయినంతకాలము అమాయకుడు, తిరుగబడిననాడు మూర్ఖుడు! ఈ రెండు పేర్లలో ఏదియు మోసగించినవానిని అంటుకొనదు.

1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ భూముల చట్టమును చేసెను. కొండవాని ఋణముపై సాలునకు నూటికి 24 రూపాయలకు మించిన వడ్డీ చెల్లదనియు, ఏజెంటు అనుమతి లేక కొండవాడు కానివానికి చేసిన భూమి బదిలీ చెల్లదనియు అది విధించెను. 1959, 1970 సంవత్సరముల నిబంధనలు దానిని మఱింత బిగించినవి. ఇందొక విశేషము గమనింపదగును. ఈ శాసనములు అమ్మినవాని తెలివిని కొలువవు, బేరమునే రద్దుచేయును. నిఘంటువు చేయలేని న్యాయమును శాసనము చేసెనని మా యభిప్రాయము.

‘లోకజ్ఞానము లేకుండుట లోపమే గదా’ యని కొందఱనవచ్చును. ఏ లోకపు జ్ఞానము? మామిడిటెంకలోని జీడిని వగరు పోవునట్లు నీటిలో నానవేసి, దంచి, అంబలి కాచుకొని కఱవునెలలు గడపుట కొండరెడ్డి యెఱుగును. జీలుగుచెట్టు బోదెలోని పిండిని ఆహారముగా మార్చుకొనుటయు వాడెఱుగును. పట్టభద్రుని ఆ యడవిలో నొక్కవారము విడిచినచో, ‘సిల్లీ’ యను బిరుదు ఎవరికి చెల్లునో తేలిపోవును. అయినను కొండబిడ్డలకు చదువు వలదని మేమనము; పత్రముపై వేలిముద్ర వేయుటకు ముందు దానిని చదువగలుగుట వారి హక్కు. కాని అక్షరములు నేర్చుకొనుట వేఱు, నమ్మకమును విడనాడుట వేఱు. మొదటిది మనము వారికి నేర్పవలసినది. రెండవది మనమే వారిచేత నేర్పించుచున్నది.

మోసపోయినవానిని తెలివితక్కువవాడనుట, మోసగించినవానికి తెలివిగలవాడను బిరుదిచ్చుటయే. కూరలమ్ముకొనునామెకు చిల్లర తక్కువయిచ్చి వచ్చి, ‘ఆమెకు లెక్క తెలియదు’ అని ఇంట నవ్వుకొనునప్పుడు ప్రక్కన పిల్లలు వినుచుందురు. ఆ క్షణముననే వారొక నిఘంటువును నేర్చుకొనుచున్నారు. అందు ఏ మాటకు ఏ యర్థము వ్రాయుచున్నామో ప్రతి గృహస్థుడును గృహిణియు విచారించుకొందురుగాక.