పంట లేని ఏట

వాన తప్పితే ఏమవుతుందో జహీరాబాద్ రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. తన దేశంలో బలాత్కారం, అన్యాయం చూసి హబక్కూకు ప్రవక్త దేవుణ్ణే నిలదీశాడు, ఇంకెన్నాళ్లు మొరపెట్టాలని. అది అవిశ్వాసం కాదు. చేను పండకపోయినా, కొట్టంలో పశువులు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానని మూడో అధ్యాయంలో అన్నది కూడా ఆ నోరే కదా!

మన పాత జిల్లాలోని మెదక్‌లో, కరువు రోజుల్లో, మిషనరీ పోస్నెట్ దొర ఆకలితో వచ్చినవాళ్లకు చర్చి కట్టే పని ఇచ్చి అన్నం పెట్టారు. 1914లో మొదలైన ఆ చర్చిని 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. ఎందరికో అక్కడ వాక్యం కన్నా ముందు అన్నమే అందింది.

ఇవాళ మీ వాడలో పొయ్యి వెలగని ఇల్లుంటే, ప్రార్థన ముగించి, సోలెడు జొన్నలు పట్టుకెళ్లండి.