చెవి వేరు, విశ్వాసము వేరు



పురుషోత్తమ చౌధరి (1803–1890) గారి కీర్తనలు కర్ణాటక రాగములలో నడచును. అవి విని మన రాజోలు పెద్దలు కన్నీరు విడుతురు. హెవీ మెటల్ అను ఉరుము వంటి సంగీతమును వినెడి యౌవనస్థులనో, ప్రభువు బల్లకు దూరముంచుమని కొందరందురు! అమెరికాలో స్ట్రైపర్ అను బృందము తమ పేరు క్రింద యెషయా 53:5 అని వ్రాసికొని, 1980ల నాటినుండి ఆ బాణీలోనే క్రీస్తును పాడినది. నాకది రుచింపదు. అయినను చిన్ననాట అలవడినదే చెవికి తీపి. పులస రుచి ఎరుగని పరదేశికి అది వట్టి ముండ్ల చేపయే గదా!

ఆమోసు 5:23–24లో దేవుడు పాటలను త్రోసివేసినది రాగము చెడినందున కాదు, న్యాయము లేనందున. పాటలోని మాటను, పాడువాని నడతను శోధింపుడి.

ఎజ్రా 3:12–13 చదువుడి. మందిరపు పునాదియొద్ద పాత మందిరమును చూచిన వృద్ధులు ఏడ్చిరి, తక్కినవారు కేకలు వేసిరి. దూరమునకు వినబడిన ఆ ధ్వనిలో ఏది ఏడ్పో ఏది ఆనందమో ఎవరికిని తెలియలేదు.