నంబరున్న ముక్క

మారేడుమిల్లి ఘాట్‌లో నాన్న తోలిన 1988 మహీంద్రా ఎమ్ఎమ్540 జీపుని బాగు చేయిస్తున్నాను. ఫ్లోరుకి కొత్త రేకు, ప్యుజో డీజిల్ ఇంజిన్‌కి రీబోరింగు అయ్యాయి. ఛాసిస్ దగ్గర ఆగిపోయాం, లోపల్నుంచి తుప్పు తినేసింది.

"నంబరున్న ముక్క కోసి వేరే ఛాసిస్‌కి వెల్డింగ్ చేద్దాం సార్, ఆర్సీ ప్రకారం మీ నాన్నగారి బండే," అన్నాడు మెకానిక్.

నేరమే, కానీ నన్ను ఆపింది చట్టం కాదు. ప్లూటార్క్ చెప్పిన థీసియస్ ఓడలో పుచ్చిన చెక్కలు మార్చిన సంగతి ఏథెన్స్‌లో అందరికీ తెలుసు. అందుకే అదే ఓడా కాదా అని తత్వవేత్తలు వాదించుకోగలిగారు. (ఆ ఓడకి ఛాసిస్ నంబర్ లేదు, అదృష్టం.) మా వెల్డింగ్ మీద పెయింటు వేసేదే ఎవరూ అడక్కుండా.

పాత ఛాసిస్‌కే పట్టీలు వేయిస్తున్నాను. ఇక ఘాట్ ఎక్కదేమో. నిన్న అమ్మ కొత్త సీటు తడిమి, "మీ నాన్న బండేనా ఇది?" అంది. మార్చినవన్నీ ఒక్కొక్కటీ చూపించాను.